వాకిలి తెరిచి ఉన్న ఇంటికి రంగు

కంప్యూటర్‌ను కంటితో చూడకముందే నేను దానికి ప్రోగ్రాములు రాశాను. గొప్పలు చెప్పుకోవడం నాకు నచ్చదు గానీ ఈ ఒక్కటి మాత్రం చెప్పుకుంటాను.

ఎనభైల నడిమి మాట. మా పల్లె బెళుగుప్ప పక్కన. నన్ను అనంతపురంలో పెద్దమ్మ ఇంట్లో ఉంచి డిగ్రీ చదివించారు. కాలేజీకి పోయే దారిలో గ్రంథాలయం ఉందని ఇంట్లో చెప్పేదాన్ని. నిజానికి దారి అటు కాదు, నేనే అటు తిప్పుకున్నాను. అక్కడ చేతికి ఏది తగిలితే అది చదివాను. తేనెటీగల పెంపకం, సబ్బుల తయారీ, ఓడ నడిపేవాళ్ళు చుక్కల్ని బట్టి దారి కనుక్కునే పద్ధతి. చెరువులో నీళ్ళు చూసి ఏళ్ళయిన ఊరి పిల్లకు ఓడ ఎందుకని అక్కడి అధికారి ఒకసారి అడిగాడు. "తెలిసుంటే మంచిదే కదా సార్" అన్నాను. ఆయన ముద్ర కొట్టి పుస్తకం చేతికిచ్చాడు. నా దగ్గర అంతకన్నా మంచి జవాబు లేదు.

రేడియో రిపేరు పుస్తకాలకూ మోటారు వైండింగు పుస్తకాలకూ నడుమ ఇరుక్కుని ఒకనాడు సన్నని ఇంగ్లీషు పుస్తకం దొరికింది. కంప్యూటర్‌కు ఏం చేయాలో బేసిక్ అనే భాషలో రాసి చెప్పడం నేర్పే పుస్తకం అది. పక్కన నిఘంటువు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. చదివిందాన్ని చేసి చూద్దామంటే కంప్యూటర్ లేదు. అందుకని నేనే కంప్యూటర్‌నయ్యాను. కాగితం మీద ఆజ్ఞలు రాసుకుని, ఒక్కొక్కటే చదివి, అది చెప్పినట్టు చేసి, తరవాతి దానికి పోయేదాన్ని. పెద్దమ్మ వంటింట్లోంచి తొంగిచూసేది.

"ఏం మే, ఎవరితో మాట్లాడతాండావు? గాలేమన్నా సోకిందా?"

"లెక్క చేస్తాండా పెద్దమ్మా."

"లెక్కకి అంత తలకాయ ఊపేదెందుకు?"

డిగ్రీ చివరి ఏడు మా కాలేజీకి నిజం కంప్యూటరే వచ్చింది. ఒక్కటే. దానికి డబ్బిచ్చింది కాలేజీ కమిటీ పెద్ద, వేరుశెనగ నూనె మిల్లు యజమాని. తెల్ల పంచె, భుజం మీద తువాలు, మంచి మాట చెప్పినా తిట్టినట్టుండే గొంతు. మేమంతా ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం. ఆయన వచ్చి కొబ్బరికాయ కొట్టి, దాని నెత్తిన కుంకుమ పెట్టి, తాకకుండా వెళ్ళిపోయాడు. గది బయట చెప్పులు విప్పాలన్నది నియమం. లోపల టీవీ లాంటి తెర, మీటల పలక, రాసింది దాచుకోవడానికి ఒక టేప్ రికార్డరు. లెక్కల సారు ఆ గదికి బాధ్యుడు. తాళంచెవి ఆయన స్కూటరు తాళంచెవితో పాటు ఒకే రింగుకు వేలాడేది.

చివరి ఏడు వాళ్ళం ఇద్దరిద్దరు చొప్పున ఏదో ఒక ప్రోగ్రాము చేసి చూపించాలి. సారు ఇంకో మాట కూడా అన్నాడు. "యా జత బాగా చేస్తే వాళ్ళకి ఎండాకాలం సెలవుల్లో ఈ గది తాళంచెవి ఇస్తా. ఎవరిది బాగుండాదో పెద్దాయనే చూసి చెప్తాడు."

ఆ మాట విన్న క్షణం నుంచి నాకు ఇంకేదీ వినబడలేదు. మామూలు రోజుల్లో ఒక్కో జతకు వారానికి ఒక గంట దొరికేది. మీట ఎక్కడుందో వెతికేలోపే అందులో సగం పోయేది. సెలవుల్లో ఊరికి పోతే ఏముంటుందో నాకు తెలుసు. వానకు ముందే విత్తనం సిద్ధం కావాలి కాబట్టి ఎండాకాలమంతా వేరుశెనగ కాయలు ఒలవాలి. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా బస్తాల ముందే. బొటనవేలి చివర వాచి అన్నం కలపడానికి కూడా రాదు. పుస్తకం ఉండదు, కంప్యూటర్ ఉండదు. ఇక్కడ తాళం వేసిన గదిలో అది గుడ్డ కప్పుకుని నిద్రపోతుంటుంది. ఆ తాళంచెవి నాకు కావాలి. అంతే.

నాకు జతగా వచ్చిన అమ్మాయి ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చేది. వాళ్ళది పట్టుచీరల వ్యాపారం. పరీక్షకు ముందు తప్ప పుస్తకం తెరిచేది కాదు గానీ రంగుల దగ్గర దాని కన్ను తప్పదు. నా లంగా ఓణీ చూసి, "ఆ పచ్చ పక్కన ఈ నీలం ఏడుస్తాండాది మే" అని నడి రోడ్డు మీద చెప్పగలిగే మనిషి.

మిగతా జతలు జీతాల లెక్క, మార్కుల పట్టిక, కరెంటు బిల్లు అని పేర్లిచ్చారు. నేను లేచి, బొమ్మలు గీసే ప్రోగ్రాము అన్నాను.

"బొమ్మలా?" అన్నాడు సారు. "చదువుకునేకి వచ్చినావా, ఆడుకునేకి వచ్చినావా?"

"పుస్తకంలో చివరి పాఠం అదే సార్. జీతాల లెక్క మూడో పాఠం."

క్లాసంతా నవ్వింది. జీతాల లెక్క చేస్తామన్న జత మాత్రం నవ్వలేదు.

మా ప్రోగ్రాము సంగతి ఇదీ. తెర మీద ఒక చుక్క మెరుస్తుంటుంది. బాణం గుర్తు మీటలు నొక్కితే అది పైకీ కిందికీ పక్కలకూ పోతుంది. ఒక మీట నొక్కితే కలం దిగుతుంది, పోయిన దారంతా గీత పడుతుంది. ఇంకోసారి నొక్కితే కలం లేస్తుంది. ఉన్న రంగులు నాలుగు: నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు. నలుపు తెర సొంత రంగు కాబట్టి మనకు మిగిలేవి మూడే. "మూడు రంగులతో చీర నేస్తే మా నాయన ఇంట్లోకి రానీడు" అంది నా జత.

మొదటి గంటలోనే తల కొట్టేసినంత పని అయింది. చుక్కల చదరాల కాగితం మీద నేను నెమలి బొమ్మ వేసుకుని, చుక్కచుక్కనూ అంకెలుగా మార్చి తెచ్చాను. అది తెర మీద కాళ్ళు పైకి పెట్టి పడుకుంది.

"నెమలికేమైంది మే? తాగిందా?"

"ఉండు, చూస్తా."

"నీ పుస్తకమే తలకిందులుగా అచ్చయిందేమో చూసుకో."

సంగతి ఏమిటంటే, పుస్తకం రాసినాయన దగ్గరున్న కంప్యూటర్ వరసల్ని పైనుంచి లెక్కపెట్టేది. మాది కిందినుంచి లెక్కపెట్టేది. ఏడాది పాటు నా తలలో నడిచిన కంప్యూటర్ వేరు, ఎదురుగా ఉన్నది వేరు. ఒక్క తీసివేత కలిపితే నెమలి లేచి నిలబడింది. నా జత దానికి దండం పెట్టింది.

తరవాత నా జత రంగు కావాలని పట్టు పట్టింది. ఉత్త గీతలేనా, లోపల రంగు నింపకపోతే అది బొమ్మేమిటి అని. పుస్తకంలో రంగు నింపడం లేదు. గ్రంథాలయంలో ఇంకో పుస్తకం లేదు. నాలుగు రోజులు తిరిగి తిరిగి చివరికి నా తలలోకి వచ్చింది మా నాయన నీళ్ళు కట్టడం. బావిలో ఉన్న కాసిని నీళ్ళు కాలవలో వస్తాయి. మడిలోకి దారి తీస్తే, ఖాళీ ఉన్నంత మేరా పోతాయి, గట్టు తగిలితే ఆగుతాయి. ఎటు పోవాలో నీళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రంగును కూడా అట్లాగే వదిలాను. ఈ చుక్క నల్లగా ఉందా? ఉంటే రంగు వేయి, దాని పక్క చుక్కను చూడు. నల్లగా లేదా? అది గట్టు, ఆగిపో. వరస నిండితే కింది వరసకు దిగు, కింద ఖాళీ లేకపోతే పై వరసకు ఎక్కు.

పని చేసింది! కాకపోతే మా కంప్యూటర్ మా బావి లాంటిదే. ఎర్ర రంగు సన్నగా, వరస తరవాత వరసగా, తొందర లేకుండా వచ్చేది. నెమలి కడుపు నిండేలోపు క్యాంటీనుకు పోయి టీ తాగి రావచ్చు. మేం పోయాం కూడా.

గీత ఎక్కడా తెగకుండా చుట్టూ మూసి ఉండాలన్నది ఒక్కటే షరతు. ఆ మాట ప్రోగ్రాము మొదలవగానే తెర మీద కనబడేట్టు పెట్టాను. కంప్యూటర్‌కు తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో. రాసి పెడితే అందరూ చదువుతారనే అనుకున్నాను. నేనైతే మందు సీసా చీటీ కూడా ఆసాంతం చదువుతాను మరి.

చూపించే రోజు వచ్చింది. జీతాల లెక్క చకచకా నడిచింది. పెద్దాయన తన మిల్లులో కూలివాళ్ళ లెక్క చెప్పి చూసి, తల ఊపాడు. తరవాత మేము.

"ఏం పాపా, ఇదేం చేస్తాది?"

"మీరు బొమ్మ గీస్తే దాంట్లో రంగు నింపుతాది సార్."

"నేనా? నాకు సంతకం గీసేకే సరిగ్గా రాదు."

అంటూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గింజ గట్టిదో తాలో చూసినట్టు బొటనవేలితో ఒక్కో మీటా నొక్కాడు. చుక్క కదిలింది. పెద్దాయన తువాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక గోడ లేపాడు. ఇంకో గోడ లేపాడు. పైన వాలుగా రెండు గీతలతో కప్పు వేశాడు. ఆ తరవాత కింది గీత. అది సగానికి రాగానే కలం లేపి, కాస్త జరిగి, మళ్ళీ దించి చివరి దాకా లాగాడు. నడుమ వాకిలి.

నేను తెర మీది మాటల్ని చూపిద్దామనుకునేలోపే ఆయన చుక్కను కప్పు కిందికి జరిపి రంగు మీట నొక్కేశాడు.

ఎరుపు కప్పు కింద మొదలై ఒక్కో వరసే దిగింది. గదిలో అందరూ ముందుకు వంగారు. గోడల నడుమ నిండుగా, అందంగా వచ్చింది. వాకిలి దాకా వచ్చింది. వాకిట్లోంచి బయటికి నడిచింది. నేల మీద పరుచుకుంది. ఇంటికి రెండు పక్కలా పైకి లేచింది, కప్పు ఎక్కింది, ఆకాశం పట్టింది. ఇదంతా ఎంత నిదానంగా జరిగిందంటే, నవ్వడానికి అందరికీ కావలసినంత సమయం దొరికింది. "గండి పడింది మే" అని నా జత చెవిలో గొణిగింది.

లెక్కల సారు కల్పించుకున్నాడు. "సార్, ఆ వాకిలి మూస్తే సరిపోతాది. చిన్న గీత. అంతే."

పెద్దాయన ఆయన వైపు తిరిగాడు. "పట్టపగలు వాకిలి మూసుకున్న ఇల్లు యాడన్నా చూసినావా సారూ? ఎవరో పోయినారనుకుంటారు జనాలు. లచ్చిందేవి లోపలికి ఎట్ల వస్తాది? నా చేత్తో గీసిన ఇంటికి నేను వాకిలి మూయను."

"మూయకపోతే రంగు నిలబడదు సార్" అన్నాను నేను.

"నిలబడేటట్ల చెయ్యి. చదువుకున్న పిల్లవి కదా? శుక్రవారం వస్తా. నా ఇంటి వాకిలి తీసినట్లే ఉండల్ల, రంగు బయటికి రాగూడదు. అయితే తాళంచెవి నీది. కాకపోతే జీతాల లెక్కోళ్ళది."

బయట చెప్పులు వేసుకుంటూ నా జత మండిపడింది. "ఒక్క గీత! ఒక్క గీత గీసేకి అంత పంతమా? నువ్వైనా చెప్పగూడదా, అది ఇల్లు కాదు సామీ, బొమ్మ అని?"

"మీ ఇంట్లో పగలు వాకిలి మూస్తారా?"

అది వంగి చెప్పు పట్టీ బిగించుకుంది. "మా అవ్వ ఉన్నంతవరకూ మూయనీదులే."

మధ్యలో మాకు దొరికింది ఒక్క గంట. చిన్న సందు కనబడితే అక్కడ గట్టు ఉందనుకో అని ప్రోగ్రాముకు కొత్త ఆజ్ఞలు కలిపాను. అది అతితెలివికి పోయింది. వాకిలినే కాదు, కనబడిన ప్రతి సందునూ గట్టే అనుకుంది. నెమలి మెడలోకి రంగు దిగలేదు, కాళ్ళ దగ్గర ఆగిపోయింది, తోక సగం నల్లగానే మిగిలింది. ఎన్ని చుక్కల సందును గట్టు అనుకోవాలి, ఎన్నింటిని దారి అనుకోవాలి? దానికి తెలియదు, నాకూ తెలియదు. "మన నెమలికి చీడ పట్టింది" అంది నా జత. జీతాల లెక్క జతలో ఒకడు దారిలో ఎదురై, "ఏమప్పా, చెనిక్కాయలు ఒలిచేకి ఎప్పుడు పోతాండావు?" అని పలకరించాడు కూడా.

శుక్రవారం పొద్దున్నే గ్రంథాలయానికి పోయాను. ఏ పుస్తకం కోసమని అడిగితే చెప్పలేను. కష్టమొస్తే కొందరు గుడికి పోతారు, నేను అక్కడికి పోతాను. తలుపులు తీసి ఉన్నాయి గానీ ఇంకా వేళ కాలేదు. గడప మీద కూర్చున్నాను.

ఊడ్చే ఆమె లోపలి నుంచి కేకేసింది. "లెయ్ మే! శుక్రవారం పూట గడప మీద కూచుంటారా యాడన్నా? ఇంగ పసుపు పుయ్యల్ల దానికి."

లేచి పక్కకు నిలబడ్డాను. ఆమె వెనక మూలనుంచి ఒక బిందె నీళ్ళు బండల మీద గుమ్మరించింది. నీళ్ళు బీరువాల నడుమ నుంచి గబగబా పాకుతూ వాకిలి వైపు వచ్చాయి. తలుపులు రెండూ బార్లా తెరిచే ఉన్నాయి. నా చెప్పులు తడుస్తాయని వెనక్కి జరిగాను. తడవలేదు. నీళ్ళు గడప దాకా వచ్చి, దానికి ఆనుకుని, ఎడమకూ కుడికీ సర్దుకుని నిలబడ్డాయి.

ఆమె చీపురు పట్టుకుని వచ్చేసరికి నేను అక్కడ లేను. ఆ రోజు పేపరు కూడా చూడలేదు.

సారును బతిమాలి పెద్దాయన వచ్చేముందు కాస్త సమయం అడుక్కున్నాను. కొత్తగా కలిపిన ఆజ్ఞలన్నీ తుడిచేశాను.

"ఏం కలిపినావు?" అంది నా జత.

"ఏం కలపలేదు. అన్నీ తీసేసినా."

"అన్నీనా? మళ్ళా గండి పడతాది కదే!"

"గమ్మునుండు."

పెద్దాయన వచ్చాడు, కూర్చున్నాడు. ఈసారి చేయి తిరిగింది, గోడలు నిటారుగా లేచాయి. కప్పు వేశాడు. కింద గీత లాగి, వాకిలి దగ్గర కలం లేపి, దాటించి, మళ్ళీ దించాడు. ఇది చూడు అన్నట్టు నా వైపు ఒకసారి చూసి, రంగు మీట మీదికి బొటనవేలు తీసుకుపోయాడు.

"సార్, ఒక్క నిమిషం" అన్నాను. "మీరు ఇంటికి గడప వెయ్యలేదు."

లెక్కల సారు కళ్ళతోనే నన్ను బయటికి పొమ్మంటున్నాడు.

"ఏమన్నావు?"

"గడప సార్. వాకిలి తీసే ఉండనీ. గడప లేదు కదా ఇంటికి, అంటాండా."

పెద్దాయన తెర వైపు వంగాడు. కళ్ళజోడు తీసి తువాలుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తరవాత లెక్కల సారు వైపు తిరిగాడు.

"ఏమప్పా సారూ, నువ్వన్నా చెప్పగూడదా? గడప లేని ఇంట్లో నేను కాపురం పెడతాంటే చూస్తా నిలబడినావా?"

"పసుపు ఏది పాపా?"

మీట చూపించాను. పెద్దాయన వాకిట్లో ఈ కొసనుంచి ఆ కొసకు పసుప్పచ్చ గీత ఒకటి గీశాడు. చాలా జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి గీశాడు. తరవాత రంగు మీట నొక్కాడు.

ఎరుపు దిగింది. కప్పు కింద, గోడల నడుమ, ఒక్కో వరసే. నా జత నా చేతిని పట్టుకుంది, గాజు ఒకటి నొక్కుకుని నొప్పి పుడుతున్నా నేను కదల్లేదు. ఎరుపు వాకిలి దాకా వచ్చింది. పసుపు గీతను తాకింది. ఎడమకు పోయింది, కుడికి పోయింది, నిలబడిపోయింది. బయట నేల నల్లగా, ఆకాశం నల్లగా, ఇంటి రంగు ఇంట్లోనే ఉంది.

చప్పట్లేమీ కొట్టలేదు ఎవరూ. పెద్దాయన ఇంకా లేవలేదు మరి. "ఇప్పుడు గడపకి కుంకం బొట్లు" అని వాటి పనిలో పడ్డాడు. ఆ తరవాత ఇంటి ముందర తులసికోట కావాలన్నాడు. జీతాల లెక్క జత తీర్పు కోసం గోడకు ఆనుకుని నిలబడి నిలబడి కూర్చుండిపోయారు. తులసికోట సగంలో ఉండగా కరెంటు పోయింది. తెర ఒక చిన్న తెల్ల చుక్కయి ఆరిపోయింది.

"ఇల్లేది?" అన్నాడు పెద్దాయన చీకట్లో.

"పోయింది సార్. దాచిపెట్టలేదు" అన్నాను.

"పోతే పోనీలే. గడపతో సహా మళ్ళా కడదాం." కుర్చీ జరిగిన చప్పుడైంది. "సారూ, ఆ తాళంచెవి ఈ పిల్లోళ్ళకియ్యప్పా."

స్కూటరు తాళంచెవి నుంచి దాన్ని వేరు చేయడానికి సారు ఆ చీకట్లో గోళ్ళతో చాలాసేపు అవస్థపడ్డాడు. కిటికీ తెరిస్తే సరిపోయేది. నాకు చెప్పబుద్ధి కాలేదు.

ఊరికి పోయి చెబితే, మా నాయన అంతా విని ఒక్కటే అడిగాడు. "ఎండాకాలమంతా ఆడ్నే ఉంటే విత్తనాలు ఎవరు ఒలిచేదమ్మా?"

దానికి కూడా ఒక దారి దొరికింది. బస్తాలు బస్సు టాపు మీద అనంతపురం వచ్చాయి. ఆ గదిలోకి చెప్పులు రాకూడదన్న నియమం ఉంది గానీ వేరుశెనగ కాయలు రాకూడదని ఎక్కడా లేదు. కంప్యూటర్ మా బావి మాదిరి నిదానంగా రంగు నింపుతుంటే, మేమిద్దరం కింద గోనె పరుచుకుని కాయలు ఒలిచేవాళ్ళం. ఇల్లొకటి నిండేసరికి చాటలో ఒక పొర గింజలయ్యేవి. పట్టు తాకే వేళ్ళతో ఈ పని ఏమిటని నా జత సణిగేది, కానీ నాకంటే వేగంగా ఒలిచేది. పొట్టు మీటల సందుల్లో దూరితే సారు తిట్టాడు. ఊది శుభ్రం చేసి, మళ్ళీ కూర్చున్నాం.

మధ్యాహ్నాలు అప్పుడప్పుడూ పెద్దాయన వచ్చేవాడు. గడపలున్న ఇళ్ళు కట్టేవాడు. ఎరుపు వరసలు దిగుతుంటే చూస్తూ ఊరికే కూర్చోలేక, వంగి మా గోనె మీదినుంచి గుప్పెడు కాయలు తీసుకునేవాడు. ఒకటి చిదిమి, గింజను వెలుగులోకి పెట్టి చూసి, "మంచి విత్తనం. యా చేను పాపా మీది?" అని అడిగి, తువాలు సర్దుకుని, ఆయన కూడా ఒలవడం మొదలుపెట్టేవాడు.